అస్తరు లోపల కాదు, స్లాబు పైన వేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో, ఉన్న ఇంటికి కొత్తగా గది కలుపుకునేవాళ్ల కోసం వేసిన వ్యాసం చదివాను. పునాది గురించి, కిటికీల గురించి, వెలుతురు గురించి బాగా రాశారు. కానీ చివర్లో ఒక మాట ఉంది. పైకప్పు వేడెక్కుతుంటే లోపలి వైపు థర్మోకోల్ షీట్లు పెట్టి, కింద ఫాల్స్ సీలింగ్ చేయించుకుంటే సరిపోతుందట. అది చదివాక ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. సరిగ్గా అదే పని నేను చేయించాను. రెండేళ్లు దాని వల్ల బాధపడ్డాను. ఆ వ్యాసం చూసి ఇంకెవరైనా అదే చేయిస్తారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మూడేళ్ల కిందట ఇంటి వెనక గోడకు ఆనించి ఒక గది కట్టించుకున్నాం. 6 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, పైన 125 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు. రెండు మిషన్లు, కటింగ్ బల్ల, గోడ పొడవునా బట్టలు పెట్టుకునే అరలు, మూలన స్టీమ్ ఐరన్. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా నా ఉనికి ఆ గదిలోనే. దాని మీద ఇంకో అంతస్తు లేదు. ఎండ వచ్చినా వాన వచ్చినా ముందు తగిలేది ఆ స్లాబుకే.

మొదటి ఎండాకాలంలోనే సంగతి తెలిసొచ్చింది. మధ్యాహ్నం కంటే రాత్రి ఎక్కువ కష్టంగా ఉండేది. రాత్రి తొమ్మిదింటికి, బయట గాలి చల్లబడ్డాక కూడా, స్టూలెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే, స్విచ్ ఆపి పావుగంటైన ఇస్త్రీ పెట్టెలా ఉండేది. కాంక్రీటు గుణమే అది. పగలంతా ఎండని తాగుతుంది, పై నుంచి ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. మనం కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకి అదంతా మన మీదికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే కిందికి కొట్టేది.

గది కట్టిన కాంట్రాక్టరుకి చెబితే, ఫాల్స్ సీలింగ్ చేద్దాం, పైన థర్మోకోల్ పెడదాం అన్నాడు. సరేనన్నాను. ఆ పని జరిగిన రోజు నేను అక్కడే ఉన్నాను కాబట్టి కళ్లారా చూశాను. తెచ్చిన షీట్లు టీవీలు, ఫ్రిజ్‌ల పెట్టెల్లో వచ్చే రకం, చేత్తో నొక్కితే పూసలు రాలిపోయేవి. వాటిని స్లాబుకి అంటించడానికి డబ్బాలోంచి ఘాటు వాసన వచ్చే జిగురు తీశారు. బ్రష్షు తగిలిన చోటల్లా థర్మోకోల్ బుసబుస అంటూ లోపలికి కుంగిపోయింది. చూస్తుండగానే రూపాయి బిళ్లంత గుంటలు, కొన్ని చోట్ల ఏకంగా బొక్కలు. ద్రావకం కలిసిన జిగురు థర్మోకోల్‌ని కరిగించేస్తుందని తర్వాత తెలిసింది. ఆ రోజు అడిగితే, "పైన ఎవరు చూస్తారమ్మా, బోర్డు వేస్తే కనబడదు" అన్నారు. నేనూ ఊరుకున్నాను. కనబడని కుట్టే ముందు విడిపోతుందని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, ఆ రోజు నా గదికి ఆ మాట గుర్తు రాలేదు.

ఎండాకాలం కొంత నయమైంది, అబద్ధం చెప్పను. అసలు కష్టం చలికాలంలో మొదలైంది. ఫాల్స్ సీలింగ్ మీద ఒక మూల టీ ఒలికినట్టు పసుపు మరక పడింది. వారం తిరిగేసరికి మూడయ్యాయి. కాంట్రాక్టరు చూసి స్లాబు కారుతోందన్నాడు, పైన వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాడు. మరకలు ఆగలేదు. నెల రోజులుగా చినుకు పడలేదు, మరి నీళ్లెక్కడివి అని అడిగితే, స్లాబులో పాత నీళ్లు ఉండిపోయి ఉంటాయి, ఆరిపోతాయి అన్నాడు. ఒక ఉదయం బల్ల మీద కొలత గీసి పెట్టుకున్న పట్టు గుడ్డ మీద చుక్క పడింది. తుప్పు రంగు చుక్క. గుండ్రంగా, గోరంత. పట్టు మీద తుప్పు మరక ఎంత ఉతికినా పోదు. నమ్మి ఇచ్చినవాళ్లకి ముఖం ఎలా చూపించాలో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అన్నయ్య కూతురు సివిల్ ఇంజనీరు. ఆ వారంలో ఇంటికొస్తే చూపించాను. "అత్తా, ముందు ఇది వాన నీళ్లో, గది నీళ్లో తేల్చుకుందాం" అంది. గది నీళ్లేమిటని నాకు అర్థం కాలేదు. ఫాల్స్ సీలింగ్‌లో ఒక బోర్డు విప్పించి, పైన థర్మోకోల్ ఊడిన చోట స్లాబుని గుడ్డతో పొడిగా తుడిచింది. అల్యూమినియం ఫాయిల్‌ని జానెడు వెడల్పున చతురస్రంగా కత్తిరించి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో అంటించింది. మర్నాడు పొద్దున చూద్దామంది. నీళ్లు స్లాబులోంచి దిగుతుంటే ఫాయిల్ వెనక తడి ఉంటుంది. గది గాలిలోంచి వస్తుంటే ఫాయిల్ ముందు వైపు, అంటే మన వైపు తడి ఉంటుంది. పొద్దున టార్చి వేసి చూస్తే మన వైపు ఆవగింజల్లా చుక్కలు పేర్చినట్టున్నాయి. టేపు పీకి వెనక చూస్తే పొడిగా ఉంది. అంటే స్లాబు కారడం లేదు. ఆ నీళ్లు నా స్టీమ్ ఐరన్‌వి, మా ఊపిరివి.

ఆ బోర్డు సందులోంచి ఆ రోజు నేను చూసినది మీ పాఠకులకు చెప్పాలి. తెల్లగా ఉండాల్సిన స్లాబు అడుగు నల్ల బూజుతో మచ్చలు మచ్చలుగా ఉంది. ఫాల్స్ సీలింగ్‌ని మోసే ఇనుప కడ్డీలు తుప్పు పట్టాయి. ఒక్కో కడ్డీ కొసన ఒక్కో చుక్క వేలాడుతోంది, పడడానికి సిద్ధంగా. నా పట్టు గుడ్డ మీద పడింది అలాంటిదే.

మా మేనకోడలు చెప్పిన కారణం నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. గది గాలి 24 డిగ్రీల్లో ఉండి, అందులో తేమ 60 శాతం ఉంటే, ఆ గాలి సుమారు 16 డిగ్రీల చల్లని వస్తువుకి తగలగానే దాని మీద నీరు కడుతుంది. చల్లటి నీళ్ల గ్లాసుకి బయట చెమట పట్టినట్టే. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే చదును పైకప్పు తన వేడిని నేరుగా ఆకాశానికి వదులుకుని, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. మామూలుగా అయితే గది వెచ్చదనం స్లాబుకి కింద నుంచి కొంత అందేది. మేం మధ్యలో థర్మోకోల్ పెట్టి ఆ వెచ్చదనాన్ని అడ్డుకున్నాం. దాంతో స్లాబు ఇంకా చల్లబడింది. థర్మోకోల్ వేడిని ఆపింది కానీ, కరిగిన గుంటల్లోంచి, బోర్డుల సందుల్లోంచి, లైట్ల కోసం కోసిన కన్నాల్లోంచి ఆవిరిని ఆపలేకపోయింది. ఆవిరి పైకెళ్లి చల్లటి స్లాబుని తాకి నీళ్లయింది. బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోయింది.

నేను మీ పత్రిక ద్వారా చెప్పాలనుకున్నది ఇదే. కోటుకి అస్తరు లోపల వేస్తాం. పైకప్పుకి అస్తరు, అంటే వేడిని ఆపే పొర, బయట వేయాలి, స్లాబుకి పైన. అప్పుడు స్లాబు దుప్పటి కింద ఉంటుంది. ఎండాకాలం వేడి దాని దాకా రాదు, చలికాలం అది గదితో పాటే వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆవిరి దానిని తాకినా నీరు కట్టదు.

లోపలిదంతా పీకించేశాం. స్లాబు పూర్తిగా ఆరేదాకా కిటికీలు తెరిచి, ఫ్యాన్లు పెట్టి ఆగాం. ఆ ఆగడం ముఖ్యం. తడి కాంక్రీటు మీద పొరలు మూసేస్తే ఆ తడి లోపలే బందీ అవుతుంది. పైన వాలు కోసం వేసే సిమెంటు పొర కూడా మిల్లీమీటరుకి ఒక రోజు చొప్పున ఆరనివ్వాలని లెక్కట. ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ పొర. అది వేశాక పైన నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూశాం, కింద చుక్క దిగలేదు. దాని మీద 75 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు పరిచాం. ఇవి కూడా థర్మోకోల్ లాగే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే, కానీ దానిలా పూసలు పూసలుగా ఉండవు. గట్టిగా, నునుపుగా, లోపలంతా మూసుకుపోయిన చిన్న చిన్న గదులతో ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చవు. నీళ్లు పీల్చే రకం అక్కడ వేస్తే వృథా. గాలి కంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా సులువుగా పోనిస్తుంది, తడిసిన అస్తరు ఉన్నా లేనట్టే. బోర్డు అంచులు మెట్టులా కోసి ఉంటాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. నాకది చూడగానే నచ్చింది. మేం అతుకు వేసేటప్పుడు చేసేది కూడా అదే, అంచుకి అంచు ఆనించి వదిలేస్తే వెలుగు కనబడుతుంది.

ఈ పద్ధతిలో వాటర్‌ప్రూఫింగ్ పొర బోర్డుల కింద ఉంటుంది. మామూలుగా అందరూ దాన్ని అన్నిటికంటే పైన వేస్తారు, అది ఎండకి కాలి, చలికి ముడుచుకుని, కొన్నేళ్లకి పగులుతుంది. కింద ఉంటే దానికి ఎండ తగలదు, చెప్పు కాలు తగలదు. పైగా అది వెచ్చటి వైపు ఉంటుంది కాబట్టి గది ఆవిరిని పైకి పోకుండా ఆపే పని కూడా అదే చేస్తుంది. ఇంజనీర్లు దీన్ని తలకిందుల పైకప్పు అంటారట.

ఒక జాగ్రత్త ఉంది. ఈ బోర్డులు చాలా తేలిక, నీళ్లలో తేలతాయి. నేను నమ్మకపోతే మా మేనకోడలు ఒక ముక్క బకెట్‌లో వేసి నొక్కి చూపించింది, చెయ్యి తీయగానే పైకి తన్నుకొచ్చింది. అందుకే వాటి మీద నీళ్లు దిగే గుడ్డ ఒకటి పరిచి, 50 మిల్లీమీటర్ల మందాన గులకరాళ్లు పోయాలి, లేదా పలకలు పరచాలి. గులకరాళ్లు ఆ మందాన చదరపు మీటరుకి దాదాపు 80 కిలోలు. మా గది 21 చదరపు మీటర్లు, అంటే ఒకటిన్నర టన్నుకు పైనే బరువు. మా స్లాబులో వేసిన ఇనుము లెక్క చూసి, మోస్తుందని తేల్చుకున్నాకే పోయించాం. ఎవరూ లెక్క చూడకుండా ఈ పని చేయొద్దు.

75 మిల్లీమీటర్ల బోర్డుతో ఏమవుతుంది, ఇంకో రెండంగుళాల కాంక్రీటు పోస్తే పోదా అని మా మేస్త్రీ అడిగాడు. చాలామందికి ఆ అనుమానం ఉంటుంది. 50 మిల్లీమీటర్ల ఇలాంటి బోర్డు వేడిని ఎంత ఆపుతుందో, అంత ఆపడానికి కాంక్రీటు అయితే సుమారు 2 మీటర్ల మందం కావాలి. రెండంగుళాలతో బరువు పెరుగుతుంది తప్ప వేడి తగ్గదు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది కిటికీ. ఇది కలుపు గదులకే ప్రత్యేకంగా వచ్చే సమస్య, అందుకే కాస్త వివరంగా రాస్తాను. మా పాత ఇంటి పై అంతస్తు కిటికీ ఒకటి సరిగ్గా కొత్త గది స్లాబు మీదికి తెరుచుకుంటుంది. స్లాబు నుంచి కిటికీ అడుగుకి 230 మిల్లీమీటర్లు ఉంది. గోడ వైపు వాలు పొర 65, బోర్డు 75, గులకరాళ్లు 50. మొత్తం 190. మిగిలింది 40. కానీ వాటర్‌ప్రూఫింగ్ పొరని పాత గోడ మీదికి, పూర్తయిన పైకప్పు మట్టం కంటే కనీసం 150 మిల్లీమీటర్లు పైకి ఎక్కించాలి. లేకపోతే గట్టి వానకి నీళ్లు చింది, ఆ అంచు వెనక నుంచి గోడలోకి దిగుతాయి. ఇక చేసేది లేక కిటికీ అడుగున రెండు వరసల ఇటుక కట్టి కిటికీని కురచ చేశాం. ఆ గదికి ఉన్న వెలుతురు కొంత పోయింది. స్లాబు పోసే ముందే ఎవరైనా ఈ కూడిక వేసి ఉంటే, జానెడు కిందికి సెంట్రింగ్ కొట్టించేవాళ్లం. అంతే, పని అయిపోయేది. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పాత గోడ, కొత్త స్లాబు కలిసే గీత దగ్గర కూడా శ్రద్ధ పెట్టాలి. పాత ఇల్లు ఎప్పుడో కుదురుకుని ఉంటుంది, కొత్త గది ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. దానికి తోడు 6 మీటర్ల కాంక్రీటు 40 డిగ్రీల తేడాకి రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. నల్లటి పైకప్పు ఎండలో 65 డిగ్రీలు దాటగలదు, రాత్రికి చల్లబడుతుంది, కాబట్టి ఈ సాగడం ముడుచుకోవడం రోజూ జరిగేదే. సిమెంటుతో పూడ్చిన నెర్రె మళ్లీ మళ్లీ తెరుచుకునేది అందుకే. మాకూ రెండుసార్లు తెరుచుకుంది. పైన బోర్డులు పరిచాక స్లాబుకి అంత వేడీ చలీ తగలడం లేదు, మాస్టిక్ అనే సాగే ముద్దతో నింపిన ఆ గీత ఏడాదిగా అలాగే ఉంది.

పైకప్పు కాంక్రీటు కాక, చెక్క మీదో ఇనుప చట్రం మీదో షీట్లు వేసి కట్టుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకి కూడా దూది లాంటి రాతి ఉన్నిని లోపల కుక్కి మూసేయమని సలహా ఇస్తుంటారు. అలా చేస్తే ఉన్నికీ షీటుకీ మధ్య కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఒక వైపు నుంచి గాలి వచ్చి ఎదుటి వైపు నుంచి పోవాలి. కలుపు గదికి ఒక వైపు పాత ఇంటి గోడే ఉంటుంది కదా, గాలి ఎటు పోతుంది? అందుకే వాళ్లకి కూడా పైన వేసే పద్ధతే మేలు.

తెల్ల పూత గురించి కూడా అడుగుతారు. వేయండి. నల్లటి కప్పుతో పోలిస్తే తెల్లటి కప్పు ఎండలో 20 డిగ్రీలకు పైగా చల్లగా ఉండగలదు. స్లాబు పోసేసి, ఇప్పుడు ఏమీ మార్చలేని వాళ్లకి అది మంచి ఊరట. దుమ్ము పట్టకుండా ఏటా కడగాలి. అయితే చలికాలం చెమ్మకి అది ఏ సాయం చేయదు.

పాత పద్ధతిలో ఉన్నప్పుడు, ఫాల్స్ సీలింగ్ వేయక ముందు, ఎండాకాలం రాత్రి 9 గంటలకు సీలింగ్ ఎంతుందో మా మేనకోడలి చేతి థర్మామీటరుతో ఒకసారి చూశాం. 41 డిగ్రీలు. పోయిన ఎండాకాలం అలాంటి ఎండ రోజే, అదే వేళకి 33. చలికాలం ఇస్త్రీ చేస్తూ ఉంటే కిటికీ అద్దం మీద చెమ్మ పడుతుంది, సీలింగ్ పొడిగా ఉంటుంది. అయినా ఇస్త్రీ వేళ కిటికీ ఒక రెక్క తెరిచి పెడుతున్నాను, ఆవిరి పోవడానికి అది అవసరమే.

ఇక నా విన్నపం. గది కట్టేటప్పుడు మాకిచ్చిన కాగితంలో పైకప్పు అనే చోట రెండే మాటలున్నాయి, స్లాబు, వాటర్‌ప్రూఫింగ్. నేల మీద పరిచే టైల్స్‌కి మాత్రం కొలత, రంగు, రకం అన్నీ రాశారు. ప్లాన్ గీసే ఇంజనీర్లకి చేతులెత్తి అడుగుతున్నాను. ఎంత చిన్న గది అయినా పైకప్పుని నిలువుగా కోసినట్టు ఒక బొమ్మ గీసి, ఏ పొర మీద ఏ పొర వస్తుందో, ఏది ఎంత మందమో రాసి ఇవ్వండి. ఇంటివాళ్లు సెంట్రింగ్ కొట్టక ముందే ఆ బొమ్మ అడగండి, పక్కన కిటికీ అడుగు, గుమ్మం అడుగు, పిట్టగోడ ఎత్తు కలిపి కూడిక వేయించుకోండి. ఇవన్నీ స్లాబు పోశాక మారవు.

మీ ఇంటి పేజీకి కూడా ఒక మాట. ఆ వ్యాసంలోని ఆ సలహాకి సవరణ వేయండి. దాంతో పాటు ఎవరైనా మంచి ఇంజనీరు చేత అలాంటి బొమ్మ ఒకటి గీయించి, పాత గోడని కలిసే చోటుతో సహా, మిల్లీమీటర్ల కొలతలతో అచ్చు వేయండి. అరపేజీ చాలు. కత్తిరించి మేస్త్రీకి చూపించడానికి వీలుగా ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బట్టలు కుట్టే ఒక గృహిణి